ఆటిజానికి పథ్యం ఉందా?



ఈ పూట ఆటిజం ఉన్న పిల్లల తిండి గురించి నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాను. పిలిస్తే తిరిగి చూడని, మాటలు ఆలస్యమైన, ఒక చక్రాన్నో మూతనో తిప్పుకుంటూ గంటలు గడిపే బిడ్డకు పాలూ గోధుమలూ మానిపిస్తే బాగవుతాడా అని అడిగే తల్లిదండ్రులు మా దగ్గరికి వస్తూనే ఉంటారు. నేను హోసూరు వైపు పిల్లల వైద్యం చేస్తున్నాను. మా దగ్గరికొచ్చే చాలా ఇళ్ళల్లో వంటింటి మాట తెలుగు, బడి మాట తమిళం, సంత మాట కన్నడం. ఏ మాటలో అడిగినా ప్రశ్న మాత్రం అదే.

రెండేళ్ళ కిందట ఒక తల్లి ఐదేళ్ళ కొడుకును చంకనెత్తుకుని వచ్చింది. "డాక్టరమ్మా, నెల దినాలుగా వీడు నడవనంటాండాడు. కింద దించితే ఏడుస్తాడు" అంది. వాడికి ఆటిజం ఉందని మూడో ఏటనే తేల్చారు. కాళ్ళు చూశాను. దొడ్డిగా వంగి ఉన్నాయి. మణికట్లు లావెక్కి ఉన్నాయి. ఎక్స్‌రే తీయించాక అనుమానం తీరిపోయింది. రికెట్స్. అంటే కాల్షియమూ, డి విటమినూ చాలక ఎముకలు మెత్తబడే జబ్బు.

ఏం తింటాడమ్మా అని అడిగాను. తెల్లన్నం, ఒక రకం చిప్సు, నీళ్ళు. అంతే. అంతకుముందు ఏం తినేవాడు? పెరుగన్నం తినేవాడు. పూటకొక గ్లాసు పాలు తాగేవాడు. చపాతీని పాలల్లో నానబెడితే తినేవాడు. పది నెలల కిందట ఎవరో ఒక సలహాదారు, ఆయన ఊరూ పేరూ మనకిక్కడ అక్కర్లేదు, పాలు, పెరుగు, గోధుమలు పూర్తిగా ఆపేస్తే ఆరు నెలల్లో మాటలొస్తాయని చెప్పాడట. వాటికి బదులుగా ఖరీదైన పొడి డబ్బాలు కొనిపించాడట. ఆ పొడిని పిల్లవాడు నోట పెట్టలేదు. మాటలు రాలేదు. ఉన్న నడక పోయింది.

రికెట్స్‌కు మందుంది. అది నన్ను కలవరపెట్టలేదు. లేచి వెళ్ళబోతూ ఆ తల్లి అడిగిన మాట కలవరపెట్టింది. "మొదట్నుంచీ నేను పాలు పోసి పెంచినందుకేనా డాక్టరమ్మా వీడు ఇట్లయింది? మా అత్త అదే అంటాంది."

అమ్మా, కాదు. ఇది ఆమెకు ఆ రోజే చెప్పాను. ఇప్పుడు మీకూ చెబుతున్నాను, ఎందుకు కాదో కూడా చెబుతాను.

ఆటిజం అనే దానికి తెలుగులో జనం నోట నిలిచిన మాట లేదు. మూగతనం కాదు, పిచ్చి కాదు, దృష్టి దోషం అసలే కాదు. మెదడు ఎదిగే తీరులోనే ఉన్న తేడా. దాదాపు నూరుమంది పిల్లల్లో ఒకరికి ఉండవచ్చు. 2019లో అయిదు దేశాలకు చెందిన 20 లక్షలకు పైగా పిల్లల వివరాలు పరిశీలిస్తే, ఆటిజం ఎవరికి వస్తుందనే తేడాల్లో 80 శాతం దాకా జన్యువులే కారణమని తేలింది. అంటే చాలా వరకు ఈ కథ బిడ్డ పుట్టకముందే మొదలవుతుంది. పుట్టాక పోసిన పాలకూ, పెట్టిన అన్నానికీ అందులో పాత్ర ఉందని ఎవరూ చూపలేకపోయారు.

తల్లిమీద నింద వేయడం కూడా కొత్తది కాదు. 1943లో అమెరికాలో బాల్టిమోరు నగరంలో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు 11 మంది పిల్లలను గురించి మొదటిసారి వివరంగా రాశాడు. ఆ తర్వాత ఇరవయ్యేళ్ళపాటు, తల్లి మనసు మంచుగడ్డలా చల్లగా ఉండడం వల్లే బిడ్డ ఇలా అయ్యాడని పెద్ద పెద్ద వాళ్ళే రాశారు, నమ్మారు. ఎందరో తల్లులు ఆ మాట మోశారు. 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అనే ఆయన, తనకూ ఆటిజం ఉన్న కొడుకు ఉన్నాడు, పుస్తకం రాసి ఆ వాదాన్ని పడగొట్టాడు. తమాషా ఏమిటంటే, తల్లుల మీద నింద తొలగించిన ఆ రిమ్లాండే తర్వాతి రోజుల్లో విటమిన్లకూ పథ్యాలకూ పెద్ద సమర్థకుడయ్యాడు. మంచి మనిషే. తండ్రి కూడా కదా. ఆశ ఎవరినైనా లాగుతుంది.

సరే, ఈ పాలూ గోధుమల మాట ఎక్కడ పుట్టింది? గోధుమపిండిని తడిపి పిసికితే సాగుతుంది చూడండి, ఆ సాగుడు ఇచ్చే మాంసకృత్తును గ్లూటెన్ అంటారు. పాలు విరిగితే ముద్దగా తేలే మాంసకృత్తు కేసీన్. ఇవి కడుపులో సరిగా అరగక, సగం తెగిన ముక్కలుగా రక్తంలోకి జారి, మెదడు మీద నల్లమందులాగా పనిచేస్తాయని ఒక ఊహ. మత్తులో ఉన్నవాడిలా బిడ్డ ఎవరినీ పట్టించుకోకపోవడానికి కారణం అదేనని వాదన. 1979లో అమెరికాలో జాక్ పాంక్సెప్ అనే శాస్త్రవేత్త మెదడులోని మత్తు రసాయనాలకూ ఆటిజానికీ సంబంధం ఉండవచ్చని సూచించాడు. నార్వేలో రైకెల్ట్ అనే పరిశోధకుడు దాన్ని తిండితో ముడిపెట్టాడు, పిల్లల మూత్రంలో అలాంటి ముక్కలు కనిపించాయన్నాడు. ఊహ చెడ్డదేమీ కాదు. శాస్త్రం ఊహలతోనే మొదలవుతుంది. కానీ మరింత నికరమైన యంత్రాలు వచ్చాక, 2008లో ఇంగ్లండులో వెతికి చూస్తే ఆటిజం ఉన్న పిల్లల మూత్రంలో ఆ ముక్కలు దొరకలేదు.

ఊహ తప్పయినా పథ్యం పనిచేయవచ్చు కదా అని మీరనవచ్చు. న్యాయమైన మాట. అందుకే పరీక్షించి చూశారు. 2006లో ఫ్లోరిడాలో 13 మంది పిల్లలకు ఆరు వారాలు గోధుమా పాలూ లేని భోజనం, ఆరు వారాలు అవి ఉన్న భోజనం, రెండూ ఒకేలా కనిపించేటట్టు వండి ఇంటికి పంపారు. ఎప్పుడు ఏది తింటున్నాడో తల్లిదండ్రులకూ తెలియదు, పరీక్షించే వాళ్ళకూ తెలియదు. చివరకు లెక్క చూస్తే రెంటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. 2016లో అచ్చయిన మరో పరీక్ష న్యూయార్క్ రాష్ట్రంలో జరిగింది. 3 నుంచి 5 ఏళ్ళ పిల్లలు 14 మంది. ముందు అందరికీ పథ్యం పెట్టారు. తర్వాత వారం వారం చిరుతిండిలో కలిపి ఒకసారి గోధుమ, ఒకసారి పాలు, ఒకసారి రెండూ, ఒకసారి ఏదీ లేకుండా ఇచ్చారు. నిద్ర మారలేదు, విరేచనం మారలేదు, ప్రవర్తన మారలేదు.

వ్యతిరేకంగా చెప్పే పరీక్ష లేదా? ఉంది. 2010లో అచ్చయిన ఒక పరీక్షలో డెన్మార్కు పిల్లలు 72 మందిని తీసుకుంటే, పథ్యం పెట్టిన వాళ్ళలో కొంత మెరుగు కనబడింది. అయితే అందులో ఏ బిడ్డ పథ్యంలో ఉన్నాడో ఇంట్లోవాళ్ళకు తెలుసు. ఇదే కీలకం. తెలిసి చూసే కన్నుకూ తెలియక చూసే కన్నుకూ ఎంత తేడా ఉంటుందో ఒక సంగతి చెబుతాను, వినండి.

1998లో సెక్రెటిన్ అనే ఒక హార్మోను, పేగులకు సంబంధించినది, సూదిమందుగా ఇస్తే ముగ్గురు పిల్లలు మాట్లాడటం మొదలుపెట్టారని అమెరికాలో వార్త వచ్చింది. టీవీలో చూపించారు. వేలమంది తల్లిదండ్రులు ఆ మందు కోసం ఎగబడ్డారు. 1999లో 60 మంది పిల్లలతో పరీక్ష జరిగింది. సగం మందికి సెక్రెటిన్, సగం మందికి ఉత్త ఉప్పునీళ్ళు. ఎవరికి ఏది ఎక్కించారో ఎవరికీ తెలియదు. నెల తర్వాత చూస్తే రెండు జట్లలోనూ పిల్లలు మెరుగయ్యారు, ఇంచుమించు ఒకే మోతాదులో. అంటే ఉప్పునీళ్ళకూ మాటలొచ్చాయి! అబద్ధం కాదు శ్రోతలారా. బిడ్డ ఎదుగుతూనే ఉంటాడు. నేర్పే టీచరు నేర్పుతూనే ఉంటుంది. మనం ఆశగా చూస్తున్నాం కాబట్టి నిన్న కంటబడని మాట ఇవ్వాళ కంటబడుతుంది. ఆ ఫలితం చెప్పాక కూడా ఆ తల్లిదండ్రుల్లో 69 శాతం మంది, అయినా మాకు ఆ మందు కావాలనే అన్నారు. నవ్వడానికి చెప్పడం లేదు. ఆ స్థానంలో నేనున్నా అదే అనేదాన్నేమో.

కాబట్టి పక్కింటివాళ్ళు, పాలు మానిపించాక మా వాడు బాగయ్యాడు అంటే వాళ్ళను అబద్ధాలకోరులు అనకండి. బాగయ్యే ఉంటాడు. ఎందుకు బాగయ్యాడన్నదే ప్రశ్న. దానికి నేను నా కళ్ళతో చూసిన ఒక కారణం ఉంది. కొందరు పిల్లలు రోజంతా పాలమీదే బతుకుతారు. సీసాలో లీటరు, లీటరున్నర. పాలలో ఇనుము లేదు, పీచు లేదు. కడుపు పాలతో నిండితే వేరే తిండికి చోటుండదు. రక్తం తగ్గుతుంది, మలం రాయిలా గట్టిపడుతుంది. నాలుగైదు రోజులకొకసారి విరేచనం. ఆ నొప్పి చెప్పుకోలేని బిడ్డ తల గోడకేసి కొట్టుకుంటాడు, చెయ్యి కొరుక్కుంటాడు, రాత్రి నిద్రపోడు. అలాంటి బిడ్డకు పాలు ఆపితే ఏమవుతుంది? ఆకలేసి అన్నం తింటాడు, పండు తింటాడు, విరేచనం సాఫీ అవుతుంది, నొప్పి పోతుంది, నిద్రపోతాడు. పోయింది మలబద్ధకం, ఆటిజం కాదు. పాలు రోజుకు రెండు గ్లాసులకు తగ్గించి, విరేచనానికి డాక్టరు చెప్పిన మందు కొన్నాళ్ళు వాడినా అదే ఫలితం వచ్చేది.

నిజంగా పాలు పడని బిడ్డలు, గోధుమలు పడని బిడ్డలు ఉంటారు. వాళ్ళ సంగతి వేరు. పాలు తాగితే దద్దుర్లు, విరేచనాలు, మలంలో రక్తం వస్తుంటే పరీక్ష చేయించి మానిపించాల్సిందే. గోధుమ పడని సీలియాక్ జబ్బుకు రక్తపరీక్ష ఉంది. గోధుమలు తింటున్నప్పుడే ఆ పరీక్ష చేయించాలి. ముందుగానే మానిపించేసి ఆ తర్వాత పరీక్షకు వస్తే జబ్బున్నా లేనట్టు రావచ్చు.

ఇంకొకటి కూడా ఉంది. పథ్యంతో మెదడును కాపాడగలిగిన జబ్బు ఒకటి ఉంది. 1934లో నార్వేలో ఒక తల్లి తన ఇద్దరు బిడ్డలూ ఎదగడం లేదని, వాళ్ళ దగ్గర ఒక వింత వాసన వస్తున్నదని కనబడిన డాక్టరునల్లా అడిగింది. ఎవరూ పట్టించుకోలేదు. చివరికి ఫోలింగ్ అనే వైద్యుడు ఆ పిల్లల మూత్రం పరీక్షించి ఫినైల్‌కీటోన్యూరియా అనే జబ్బును కనిపెట్టాడు. మాంసకృత్తుల్లోని ఒక భాగాన్ని ఆ బిడ్డల ఒళ్ళు అరిగించుకోలేదు. అది పేరుకుని మెదడును చెరుస్తుంది. వైద్యం చేయకపోతే కొందరు చూడటానికి ఆటిజం ఉన్న పిల్లల్లాగే ఉంటారు. పుట్టిన కొద్దిరోజుల్లోనే గుర్తించి ప్రత్యేకమైన ఆహారం మొదలుపెడితే మామూలుగా ఎదుగుతారు. ఇది చాలా అరుదు. కానీ ఇలాంటి జబ్బులు తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ ఒకే లోపం కలిసినప్పుడు వస్తాయి. మేనమామకో మేనబావకో ఇవ్వడం మన ఇళ్ళల్లో ఇంకా ఉంది కదా. అందుకని మేనరికం పెళ్ళి అయిన ఇంట్లో బిడ్డ ఎదుగుదల వెనకబడితే, మీ డాక్టరుకు ఆ మాట దాచకుండా చెప్పండి. అవసరమైతే రక్త, మూత్ర పరీక్షలు రాస్తారు. ఇక్కడ పథ్యం అనేది పరీక్ష చెప్పాక పెట్టేది. ఆటిజం ఉన్న ప్రతి బిడ్డకూ గుడ్డిగా పెట్టేది కాదు.

2025 సెప్టెంబరులో అమెరికా నుంచి ల్యూకోవోరిన్ అనే మందు పేరు వినబడింది. మీలో కొందరు ఫోన్లలో చూసి ఉంటారు. అది ఫోలేట్ అనే విటమిను మెదడులోకి సరిగా చేరని ఒక అరుదైన లోపానికి సంబంధించింది. ఆటిజం విషయంలో జరిగిన పరీక్షలు చిన్నవి. అది మందు, తిండి కాదు. మెదడు ఎదుగుదల చూసే నిపుణులు నిర్ణయించాలి గాని మందుల షాపులో అడిగి కొనకూడదు. గర్భిణులు వాడే ఫోలిక్ యాసిడ్ మాత్రల మాట వేరు. నార్వేలో 85 వేల మంది పిల్లల వివరాలు చూసి 2013లో అచ్చువేసిన పరిశీలనలో, గర్భం నిలిచే ముందు నుంచీ ఆ మాత్రలు వేసుకున్న తల్లుల పిల్లల్లో ఆటిజం కొంత తక్కువగా కనబడింది. దాని వల్లే తగ్గిందని ఆ లెక్క ఒక్కటే రుజువు కాదు. ఎలాగూ బిడ్డ వెన్ను సరిగా తయారవడానికి ఆ మాత్ర కావాలి. వేసుకోండి. అంతమాత్రాన, వేసుకోని తల్లి తప్పు చేసిందని ఎవరూ వేలెత్తవద్దు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. తిండి ఆటిజాన్ని ఏం చేస్తుంది అని ఇన్నాళ్ళూ అడిగాం. ఆటిజం తిండిని ఏం చేస్తుంది అని అడిగినవాళ్ళు తక్కువ. కానర్ రాసిన ఆ మొదటి 11 మందిలోనే చాలామందికి పసితనం నుంచీ తిండి దగ్గర పేచీ ఉంది. ఆయన అప్పుడే గమనించి రాశాడు. 2013లో అన్ని పరిశీలనలనూ కలిపి లెక్క వేస్తే, తిండి సమస్యలు ఈ పిల్లల్లో మిగతావాళ్ళకన్నా అయిదింతలు ఎక్కువని తేలింది. కాల్షియమూ మాంసకృత్తులూ తక్కువ పడుతున్నాయనీ తేలింది. పేగుల్లో ఉండే సూక్ష్మజీవుల తేడా వల్లే ఆటిజం వస్తుందని కొన్నాళ్ళు గట్టిగా అన్నారు. 2021లో ఆస్ట్రేలియాలో 247 మంది పిల్లలను చూసినవాళ్ళు దాన్ని తిరగేసి చెప్పారు. ఆటిజం వల్ల బిడ్డ కొన్ని రకాలే తింటాడు. కొన్ని రకాలే తినడం వల్ల పేగుల్లో సూక్ష్మజీవుల రకాలు తగ్గుతాయి. ఎద్దు ముందా, బండి ముందా అన్నది అక్కడ తేలింది.

ఎందుకు కొన్నే తింటాడు? మొండితనం కాదు. మనకు సాంబారులో మునక్కాయ వాసన వేస్తే నోరూరుతుంది. వాడికి అదే వాసన ముక్కులో గుచ్చుకుంటుంది. పెరుగులో ఒక మీగడ తరక తగిలితే మనం పట్టించుకోం. వాడికి అది పురుగు తగిలినట్టు ఉంటుంది. చిప్సు ప్యాకెట్టు ఎప్పుడు తెరిచినా ఒకే రంగు, ఒకే చప్పుడు, ఒకే రుచి. ఇంట్లో పప్పు ఒకనాడు పలచన, ఒకనాడు చిక్కన. వాడు నమ్మేది మారనిదాన్ని. అలాంటి బిడ్డ నమ్మిన తిండి నాలుగే రకాలు అయితే, అందులోంచి రెండు మనమే లాగేస్తే, వాడు కొత్త రెండు వెతుక్కోడు. మిగిలిన రెంటితోనే ఉండిపోతాడు. నేను చెప్పిన పిల్లవాడికి జరిగింది ఇదే. రోజూ చిప్సే తిని సి విటమిన్ లేక చిగుళ్ళలో రక్తం కారి నడక మానిన పిల్లలు, ఏ విటమిన్ లేక చూపు చెడిన పిల్లలు వైద్య పత్రికల్లో ఉన్నారు. ఆటిజం వల్లే నడవడం లేదులే అని నెలల తరబడి ఎవరూ చూడకపోవడమే అందులో ఘోరం. శ్రోతలారా, ఆటిజం ఉన్న బిడ్డ ఉన్నట్టుండి నడవడం మానినా, కొత్తగా కొరకడం, తల కొట్టుకోవడం మొదలుపెట్టినా, ముందు నొప్పి ఎక్కడుందో వెతికించండి. పన్ను, చెవి, కడుపు, ఎముక.

మట్టి, సుద్ద, గోడ పెచ్చులు తింటుంటే రక్తహీనత చూపించండి. ఇనుము తక్కువైతే రాత్రి కాళ్ళు కదిలిస్తూ నిద్రపోని పిల్లలూ ఉన్నారు. పాత రంగు పెచ్చులు తినేవాళ్ళకు సీసం పరీక్ష కూడా కావాలి.

పథ్యం పేరిట అమ్మే పొట్లాల మాట కూడా చెప్పాలి. గ్లూటెన్ లేదు అని రాసి నాలుగింతల ధరకు అమ్ముతున్నారు. అసలు గ్లూటెన్ లేని తిండి మన అవ్వలు రోజూ వండినదే. మా వైపు రాగి సంగటి, బళ్ళారి వైపు జొన్నరొట్టె, బరంపురం వైపు చోడి అంబలి, యానాంలో వరన్నం, వీటిలో దేంట్లోనూ గ్లూటెన్ లేదు. గోధుమ మానడం మనకు కష్టమూ కాదు, పెద్ద నష్టమూ కాదు. నష్టమంతా పాలూ పెరుగూ మానడంలో ఉంది. మాంసం, గుడ్డు ముట్టని బిడ్డకు మాంసకృత్తులూ కాల్షియమూ అందే దారి చాలా ఇళ్ళల్లో అదొక్కటే. పాలు నిజంగా మానాల్సి వస్తే ఆ లోటు పూడ్చాలి. రాగులనండి, చోళ్ళనండి, తైదలనండి, నూరు గ్రాముల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. నువ్వుల్లో అంతకన్నా చాలా ఎక్కువ. మునగాకు ఉండనే ఉంది. తినిపించడం ఎలా అన్నదే తల్లి బాధ.

దానికి నాకు తెలిసిన దారి నిదానం. వాడు తినేదాన్ని తీసేయకండి, దాని పక్కనే నడవండి. తెల్ల దోసె తింటాడా? ఆ పిండిలో అర చెంచా రాగిపిండి కలపండి. రంగు మారిందని పసిగట్టకపోతే వారం తర్వాత ఒక చెంచా. పసిగట్టాడా, వెనక్కి వెళ్ళండి. బొరుగులు తింటాడా? మీ వైపు మరమరాలంటారేమో. వాటితో పాటు నాలుగు వేయించిన అటుకులు, ఆ తర్వాత నాలుగు వేయించిన పప్పులు. కొత్త తిండి మొదటి రోజు కంచంలో ఉంటే చాలు. ముట్టుకోనక్కర్లేదు. తర్వాత ముట్టుకోవడం, వాసన చూడటం, పెదవికి తగిలించడం. పదిహేను ఇరవై సార్లు చూశాకగాని కొందరు నోట పెట్టరు. ముక్కు మూసి కుక్కకండి, కొట్టకండి. ఇంకొక మాట బాగా గుర్తుంచుకోండి. వాడు నమ్మిన ఒక్క తిండిలో మాత్ర పొడి చేసి కలపకండి. చేదు తగిలిందా, ఆ తిండి కూడా చేజారిపోతుంది.

తిండి రోజంతా కాకుండా వేళకు పెట్టండి. మధ్యలో పాలసీసా, బిస్కెట్టు ఉంటే ఆకలి తెలియదు. నలుగురూ కూర్చున్నప్పుడు వాడినీ కూర్చోబెట్టండి, టీవీ ఆపండి. చప్పుడు పడకపోతే పక్క గదిలో ఒక్కరే తోడు కూర్చుని తినిపించండి. ఇంట్లో అవ్వకో తాతకో ఈ సంగతి విడమరచి చెప్పండి. తల్లి ఒకటి చేస్తుంటే అవ్వ వెనకనుంచి ప్యాకెట్టు విప్పి ఇస్తుంది. ప్రేమతోనే ఇస్తుంది, ఏమనగలం?

ఇంత విన్నా ఒక్కసారి ఆ పథ్యం పెట్టి చూస్తామనే వాళ్ళు ఉంటారు. మీ మనసు నాకు తెలుసు. ముందు బరువు, ఎత్తు, రక్తం చూపించుకోండి. ఒకేసారి రెండు మార్పులు చేయకండి. డాక్టరుతో మాట్లాడి కాల్షియానికి ఏర్పాటు చేసుకోండి. గడువు పెట్టుకోండి, రెండు మూడు నెలలు, అంతకు మించి వద్దు. పథ్యం మొదలుపెట్టిన సంగతి అంగన్వాడీ టీచరుకో, మాటలు నేర్పే థెరపిస్టుకో చెప్పకండి. వాడిలో ఏమైనా తేడా చూశారా అని మాత్రం నెలకొకసారి అడిగి క్యాలెండరులో రాసుకోండి. తెలియని కన్ను ఏమంటుందో అదే కొలత. తేడా లేదంటే మళ్ళీ పెరుగు పెట్టేయండి, మనసులో శంక పెట్టుకోకుండా.

మన సరిహద్దు ఇళ్ళల్లో తిండితో పాటు ఇంకొకటి కూడా మానిపిస్తున్నారు. మీ వాడికి మాటలు రాకపోవడానికి ఇంట్లో రెండు మూడు భాషలు కలవడమే కారణం, తెలుగు మానేసి బడి భాషే మాట్లాడండి అని సలహా ఇస్తున్నారు. రెండు భాషల ఇళ్ళల్లో పెరిగే ఆటిజం పిల్లలను పలు దేశాల్లో పరిశీలించారు. రెండో భాష వల్ల వాళ్ళు మరింత వెనకబడినట్టు కనబడలేదు. తనకు రాని భాషలో తల్లి బిడ్డతో ఎంత మాట్లాడగలదు? రెండు ముక్కలు మాట్లాడి ఊరుకుంటుంది. బిడ్డకు కావలసింది అమ్మ నోట వచ్చే మాట. అది తెలుగే కానివ్వండి.

ఆటిజాన్ని పూర్తిగా తీసేసే మందు లేదు. మాట నేర్పడం, సైగ నేర్పడం, బొమ్మలు చూపి అడగడం నేర్పడం, తన పని తాను చేసుకోవడం నేర్పడం, ఇవి ఎంత చిన్న వయసులో మొదలుపెడితే అంత మంచిది. ఏడాదిన్నరకు వేలితో చూపకపోతే, పేరు పెట్టి పిలిస్తే తిరగకపోతే, వయసొస్తే వస్తాయిలే అని కూర్చోకండి. 2013 నుంచి దేశమంతా పిల్లలకు ఉచితంగా పరీక్షలు చేసే పథకం ఉంది. అంగన్వాడీలకూ బళ్ళకూ డాక్టర్ల జట్లు వస్తాయి. వాళ్ళు పంపే జిల్లా కేంద్రాన్ని డీఈఐసీ అంటారు. హోసూరు వాళ్ళకు బెంగుళూరు నిమ్హాన్స్ 40 కిలోమీటర్ల దూరమే. మాట విషయానికి మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉంది. చెన్నై వైపు వాళ్ళకు ముట్టుకాడులో, తెలుగు జిల్లాల వైపు వెళ్ళగలిగితే సికిందరాబాదులో కేంద్ర ప్రభుత్వ సంస్థలున్నాయి. 2016 చట్టం ఆటిజాన్ని వైకల్యాల జాబితాలో చేర్చింది. ధ్రువపత్రం తీసుకోవడానికి సిగ్గుపడకండి. పొడి డబ్బాలకు పెట్టే డబ్బు బస్సు ఛార్జీలకు పెడితే ఈ చోట్లన్నిటికీ వెళ్ళిరావచ్చు.

ఆ తల్లీ బిడ్డల సంగతి చెప్పి ముగిస్తాను. డి విటమినూ కాల్షియమూ ఇచ్చాం. పెరుగన్నం మళ్ళీ మొదలుపెట్టమన్నాను. పది నెలలు మానిన వాడు వెంటనే తింటాడా? తినలేదు. కంచం విసిరేశాడు. మొదట అన్నం మీద ఒక చుక్క, తర్వాత రెండు చుక్కలు, అలా నలభై రోజులు పట్టింది. మూడో నెలలో వాడు మా ఓపీలోకి నడిచి వచ్చాడు, తల్లి చిటికెన వేలు పట్టుకుని. మాటలు ఇంకా రాలేదు. పెరుగు కావాలంటే గిన్నె తెచ్చి అమ్మ చేతిలో పెడుతున్నాడట. "అడగతాండాడు డాక్టరమ్మా, నన్ను అడగతాండాడు" అంది ఆమె. ఈసారి అత్త కూడా వెంట వచ్చింది. రాగిపిండి దోసెలో ఎంత కలపాలో ఇంకోసారి చెప్పమని ఆమే అడిగింది.